రాజా పాటల పంచాయితీ

పాత పాటల మీద ఎవరికీ పేచీ లేదు. గొడవంతా ఆ తర్వాత వచ్చినవాటి గురించే. ఇళయరాజా మలి ఆల్బమ్‌లలో ఏది గొప్ప? సీమ అభిమానుల మధ్య ఎప్పటికీ తెగని తగవు ఇది.

‘సాగరసంగమం’, ‘సితార’, ‘అన్వేషణ’, ‘స్వర్ణకమలం’, ‘గీతాంజలి’... ఈ పేర్లు చెబితే చాలు, కర్నూలులోనైనా కడపలోనైనా ఇళయరాజా అభిమానులంతా ఒక్క మాట మీద ఉంటారు. వాటిలో ఏది ఎక్కువని అడిగితే నవ్వేసి ఊరుకుంటారు. చిక్కంతా రెండో ప్రశ్నతోనే. ‘సరే, ఆ తర్వాత చేసినవాటిలో ఏది గొప్ప?’ అని అడిగి చూడండి. ప్లేట్లో ఉగ్గాని చల్లారిపోతుంది, బజ్జీ మెత్తబడిపోతుంది. వాదన మాత్రం వేడెక్కుతూనే ఉంటుంది!

పైకి ఇది కాలక్షేపం కబురులా కనిపిస్తుంది. కానీ ఒక్కసారి లెక్క చూడండి. తమిళనాడులోని పణ్ణైపురంలో 1943లో పుట్టిన ఇళయరాజా, 1976లో ‘అన్నక్కిళి’తో సినిమా సంగీత దర్శకుడయ్యారు. వెయ్యికి పైగా సినిమాలు చేశారు. 2025 మార్చి 8న, ఎనభై ఒక్కేళ్ల వయసులో, లండన్‌లో తన సింఫనీ ‘వేలియంట్’ను వినిపించారు. అంటే దాదాపు యాభై ఏళ్ల ప్రయాణం. అందులో అభిమానులు కళ్లు మూసుకుని తలచుకునేది మొదటి పదిహేనేళ్లనే. మరి మిగతా ముప్పై చిల్లర ఏళ్ల మాటేమిటి? ఎనభై దాటినా హార్మోనియం వదలని మనిషిని, ఆయన నలభై ఏళ్ల వయసులో కట్టిన పాటలతోనే కొలవాలా? తగవు అసలు మొదలయ్యేది అక్కడే.

గీత ఎక్కడ గీయాలి?

అసలు ‘తర్వాత’ అంటే ఎప్పటి నుంచి? దీని మీదే ఏకాభిప్రాయం లేదు. 1992లో ‘రోజా’తో రెహమాన్ వచ్చారు కాబట్టి గీత అక్కడ గీయాలంటారు కొందరు. అప్పటికే తెలుగులో రాజ్-కోటి, కీరవాణి ఊపు మీదున్నారు. రాజా చేతిలో తెలుగు సినిమాలు తగ్గుతూ వచ్చాయి. ఇంకొందరు 2000 నుంచి లెక్కేస్తారు.

సీమవాళ్లకు మాత్రం 1998 అనగానే ఒక సినిమా అడ్డొస్తుంది. కృష్ణవంశీ తీసిన ‘అంతఃపురం’. సీమ కక్షల కథ. బాంబులు, వేటకొడవళ్ల మధ్య సిరివెన్నెల రాయగా చిత్ర పాడిన ప్రేమపాట ఒకటి వస్తుంది. సీమ అంటే తెరమీద డప్పుల మోత, తుపాకుల చప్పుడే అనుకునే రోజుల్లో, ఆ కథలోకి అంత మెత్తని పాటను తెచ్చిన సినిమా అది. ‘తొలినాళ్లది కాదు, మలినాళ్లదీ కాదు... దాన్ని యా లెక్కలో ఏస్తావప్పా?’ అంటే ఎవరి దగ్గరా జవాబుండదు. చివరికి అందరూ కలిసి ‘అంతఃపురం’ను రెండు కాలాల మధ్య గుమ్మంలా ఒప్పుకొంటారు. ఆ గుమ్మం దాటాకే అసలు పోటీ.

రామరాజ్యం పక్షం

మొదటి పక్షానిది ‘శ్రీరామరాజ్యం’. 2011లో వచ్చింది. బాపు దర్శకత్వం వహించిన చివరి సినిమా. మాటలు రాసిన ముళ్లపూడి వెంకటరమణ అది విడుదలయ్యేలోపే కన్నుమూశారు. పాటలు జొన్నవిత్తుల రామలింగేశ్వరరావువి.

ఈ పక్షం వాదన బలమైనదే. ఆ కథకు అప్పటికే ఒక సంగీతం ఉంది. 1963లో వచ్చిన ‘లవకుశ’. ఘంటసాల స్వరాలు, లీల, సుశీల గొంతులు. రెండు తరాల వాళ్లకు ఆ పాటలు నోటికొచ్చు. తెలుగింట్లో బామ్మల దగ్గరికెళ్లి ‘లవకుశ కంటే బాగుంటుంది విను’ అని చెప్పే ధైర్యం ఎవరికుంటుంది? అరవై ఎనిమిదేళ్ల వయసులో రాజా ఆ సాహసం చేశారు. తెలివైన పని ఏమిటంటే, ఘంటసాలతో పోటీకి దిగలేదు. ‘లవకుశ’లో పద్యం, పాట ముందుండి వాద్యాలు వెనక నడుస్తాయి. ‘శ్రీరామరాజ్యం’లో వయొలిన్ల గుంపు, కోరస్ కలిసి రాముడి కొలువు ఎంత పెద్దదో చెవికి చూపిస్తాయి. బాలు, చిత్ర, శ్రేయా ఘోషల్ గొంతులు ఆ కొలువులో నడిచొస్తాయి. ఆ ఏడాది ఉత్తమ సంగీత దర్శకుడిగా నంది పురస్కారం రాజాకే దక్కింది.

ఈ పక్షానికి ఇంకో సాక్ష్యం కూడా ఉంది. శ్రీరామనవమి పందిళ్లు. కడప జిల్లా ఒంటిమిట్ట కోదండరాముడి ఊరు. నవమి వచ్చిందంటే ఆ చుట్టుపక్కల మైకులకు విశ్రాంతి ఉండదు. పాత భక్తిపాటల మధ్య ఈ సినిమాలోని పట్టాభిషేకం పాట కూడా కలిసిపోయింది. సినిమా చూడనివాళ్లు కూడా ఆ పాట అందుకుంటారు. ‘జనం నోట్లోకి పోయిన పాట కంటే గొప్ప పాట యాడుంటాది?’ అన్నది వీళ్ల ప్రశ్న.

మనసు పక్షం

రెండో పక్షం కుర్రకారుది. అంటే, 2012లో కుర్రకారుగా ఉన్నవాళ్లది! గౌతమ్ మీనన్ తీసిన ‘ఎటో వెళ్లిపోయింది మనసు’ వీళ్ల ఆల్బమ్. ఎనిమిది పాటలు. సాహిత్యం అనంత శ్రీరామ్. రికార్డింగు లండన్‌లో, అక్కడి వాద్యబృందంతో.

విడుదలైన కొత్తలో దీన్ని తిట్టినవాళ్లే ఎక్కువ. పల్లవి వెంటనే పట్టుబడలేదన్నారు. గొంతులు కుదరలేదన్నారు. సినిమా కూడా అనుకున్నంత ఆడలేదు. కానీ విచిత్రం, ఏళ్లు గడిచేకొద్దీ ఈ ఆల్బమ్‌కు అభిమానులు పెరిగారు. దీని కిటుకు వింటేగానీ తెలియదు. గిటారు ఒక మాట మొదలుపెడుతుంది. దాన్ని వయొలిన్లు అందుకుంటాయి. పాడేవాళ్లు ఆ మధ్యలో దారి వెతుక్కుంటారు. ప్రేమికులిద్దరూ కలుస్తూ, విడిపోతూ ఉండే కథకు సరిగ్గా సరిపోయే పద్ధతి. మొదటిసారి వింటే గందరగోళం. పదోసారి వింటే అదే అందం. ‘ఆయన పాతికేళ్ల పిల్లోని మనసుతో కట్టినాడు, మనమే ముసలోళ్ల చెవులతో ఇన్నాం’ అన్నది ఈ పక్షం ఎత్తిపొడుపు.

దానికి ఎదుటి పక్షం జవాబూ తక్కువదేం కాదు. ‘పాట అర్థం కావడానికి పదిసార్లు వినాలంటే అది పాటా, పరీక్షా?’

నీళ్లు లేని సీమలో గోదారి

ఈ రెండు పక్షాల గోలలో నెమ్మదిగా తన మాట చెప్పుకునే మూడో గుంపు ఒకటుంది. వాళ్లది ‘గుండెల్లో గోదారి’. 1986 నాటి గోదావరి వరద నేపథ్యంగా 2013లో వచ్చిన సినిమా. వంశీ సినిమాలతో రాజా సంగీతం గోదావరి గట్ల వెంట తిరిగిన సంగతి తెలిసిందే. ఆ నీటివాసన మళ్లీ ఇందులో దొరికిందంటారు వీళ్లు.

వాన కోసం ఆకాశం వైపు చూసే సీమకు గోదారి పాటలేమిటి అనుకోవచ్చు. కానీ కర్నూలుకు వరదంటే ఏమిటో తెలుసు. 2009 అక్టోబరు మొదట్లో తుంగభద్ర, హంద్రీ కలిసి నగరాన్ని ముంచెత్తాయి. ఇళ్లలోని సామాన్లన్నీ బురదపాలయ్యాయి. ఏళ్ల తరబడి ఒక్కొక్కటిగా కొని దాచుకున్న క్యాసెట్లూ ఆ సామాన్లలోనివే. టేపు బురదలో నానితే ఇక పాడదు. రాజా మలి ఆల్బమ్‌లలో పేరున్నవన్నీ వరుసగా వచ్చింది సరిగ్గా ఆ తర్వాతే... 2011, 2012, 2013. అప్పటికి క్యాసెట్ల కాలమే ముగిసిపోయింది. తగవులో అసలు కీలకం ఇక్కడే ఉంది.

క్యాసెట్ చేసిన మేలు

పాత పాటలు అంత గొప్పగా ఎందుకు మిగిలాయి? అవి గొప్పవి కాబట్టి. అందులో అనుమానం లేదు. కానీ వాటికి ఇంకో అదృష్టం కూడా ఉంది. వాటిని జనం పదేపదే విన్నారు.

కర్నూలు నుంచి నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరు మీదుగా కడపకు దాదాపు 200 కిలోమీటర్లు. నాలుగైదు గంటల దారి. జీపులోనో, లారీలోనో, పెళ్లి బస్సులోనో ఉండేది ఒకటో రెండో క్యాసెట్లు. అరవై నిమిషాల క్యాసెట్ అయితే ఒక్కో వైపు ఆరేసి పాటలు. కడప చేరేలోపు అటు తిప్పి ఇటు తిప్పి అదే క్యాసెట్ నాలుగుసార్లు పాడేది. నచ్చని పాటను దాటేయాలన్నా కుదిరేది కాదు. ముందుకు తిప్పబోతే టేపు చిక్కుకుపోతుందేమోనని భయం! అందుకని నచ్చని పాట కూడా వినాల్సిందే. నాలుగోసారికి అదే ఇష్టమయ్యేది. ఇంటికి తిరిగొచ్చాక రికార్డింగ్ సెంటర్‌కు వెళ్లి, పాటల చీటీ ఇచ్చి, ఖాళీ క్యాసెట్‌లో నింపించుకునేవాళ్లు. దానికి తోడు కడప ఆకాశవాణి ఉండనే ఉంది.

2011 తర్వాత వచ్చిన ఆల్బమ్‌కు ఆ భాగ్యం లేదు. ఫోన్‌లో వేలు కదిపితే పాట మారిపోతుంది. ముప్పై సెకన్లలో నచ్చకపోతే అంతే సంగతులు. ‘శ్రీరామరాజ్యం’ నిలబడటానికి నవమి పందిళ్లు సాయపడ్డాయి. ఏటా మైకు దాన్ని బలవంతంగానైనా వినిపిస్తుంది. ‘ఎటో వెళ్లిపోయింది మనసు’కు అలాంటి పండగేదీ లేదు. అభిమానుల మొండితనమే దాన్ని బతికించింది.

మాటలు రాసినవాళ్లేరీ?

అయితే తప్పంతా వినేవాళ్లదే అనడం కూడా న్యాయం కాదు. పాట అంటే ఒక్కరు కాదు, ముగ్గురు. బాణీ, మాట, గొంతు. రాజా తొలి తెలుగు పాటల వెనుక వేటూరి ఉన్నారు. తమిళంలో పుట్టిన బాణీకి కూడా అచ్చ తెలుగు ఒళ్లు తొడిగేవారాయన. 2010 మే నెలలో వేటూరి వెళ్లిపోయారు. 2020లో బాలు, 2021లో సిరివెన్నెల. మలి ఆల్బమ్‌లలో ఏదో వెలితి ఉందని అనిపిస్తే, ఆ వెలితి బాణీలోనే ఉండాలని లేదు.

పాత బాణీలనే మళ్లీ వాడతారన్న ఫిర్యాదూ ఉంది. 2007 నాటి హిందీ ‘చీనీ కమ్’లో తన పాత పాటలకే కొత్త వాద్యాలు తొడిగారు. కొందరు దాన్ని బద్ధకం అన్నారు. కొందరు అమ్మ పట్టుచీరను కూతురి పెళ్లికి మళ్లీ కుట్టించుకోవడం లాంటిదన్నారు.

పాట లేని చోట

ఇంతలో ఓ మూల నుంచి నాలుగో పక్షం లేస్తుంది. ‘మీరంతా పాటలు పట్టుకుని కొట్లాడుతున్నారు. పెద్దాయన గొప్పతనం ఇప్పుడు పాటల్లో లేదు’ అంటుంది. వీళ్ల చేతిలో గట్టి ఆధారమే ఉంది. రాజాకు ఐదు జాతీయ అవార్డులు వచ్చాయి. మొదటి మూడు ‘సాగరసంగమం’, ‘సింధుభైరవి’, ‘రుద్రవీణ’ సినిమాల సంగీతానికి. వీటిలో రెండు మన తెలుగువే. చివరి రెండు, మలయాళ ‘పళశిరాజా’కూ తమిళ ‘తారై తప్పట్టై’కీ వచ్చినవి, నేపథ్య సంగీతానికే.

ఆ కొలతతో చూస్తే తెలుగులో 2023 నాటి ‘రంగమార్తాండ’ ముందుకొస్తుంది. మళ్లీ కృష్ణవంశీయే. మరాఠీ ‘నటసామ్రాట్’ ఆధారంగా తీసిన, వయసు మళ్లిన రంగస్థల నటుడి కథ. చిరంజీవి గొంతులో వినిపించే కవితతో మొదలై, ప్రకాష్ రాజ్, బ్రహ్మానందం ఎదురెదురుగా కూర్చున్న ఆసుపత్రి దృశ్యం దాకా సంగీతం ఎక్కడా గొంతు పెంచదు. 1885లో సురభి నాటకం పురుడు పోసుకున్నది కడప జిల్లాలోనే. నాటకాన్ని నెత్తిన పెట్టుకున్న ఈ నేలకు ఆ ముసలి నటుడి బాధ కొత్తదేం కాదు. చప్పట్లు ఆగిపోయాక నటుడు ఏం చేయాలి? అచ్చం ఇదే ప్రశ్న సంగీత దర్శకుడికీ ఉంటుంది కదా!

రాజా మాత్రం ఆగలేదు. ‘లేడీస్ టైలర్’ జంట రాజేంద్రప్రసాద్, అర్చనలను మళ్లీ కలిపిన ‘షష్టిపూర్తి’ 2025లో వచ్చింది. అందులో ఆయన బాణీకి పాట రాసింది ఎవరో తెలుసా? కీరవాణి! ఒకప్పుడు పోటీదారుగా లెక్కేసినవారే కలం పట్టుకుని వచ్చారన్నమాట.

తీర్పు ఎవరిది?

పండగపూట వినడానికి ‘శ్రీరామరాజ్యం’. ఒంటరిగా, ఓపిగ్గా వినడానికి ‘ఎటో వెళ్లిపోయింది మనసు’. నీళ్లు గుర్తొస్తే ‘గుండెల్లో గోదారి’. వినడంతో పాటు చూడటానికి ‘రంగమార్తాండ’. మొత్తంగా ఏదో ఒకటే చెప్పమంటే, ఓటు ‘శ్రీరామరాజ్యం’కే ఎక్కువగా పడుతుంది. కానీ ఏటా బలం పెంచుకుంటున్నది మాత్రం ‘మనసు’ పక్షమే.

పంచాయితీ తేలాలంటే దారి ఒక్కటే. ఈసారి కర్నూలు నుంచి కడపకు వెళ్లేటప్పుడు వీటిలో ఒక్క ఆల్బమ్ పెట్టండి. మైదుకూరు దాటేదాకా పాట మార్చకండి. నాలుగుసార్లు తిరిగాక కూడా నచ్చలేదంటే, అప్పుడు అనండి ఆయన పని అయిపోయిందని. పాత పాటలకు మీరిచ్చింది కూడా ఆ నాలుగు గంటలే మరి!