న్యూజెర్సీ సంబంధమా, టెక్సస్ సంబంధమా?

భవానీపురంలో సాయంత్రంపూట పున్నమి ఘాట్ వైపు నడకకు వచ్చే ఆడవాళ్ల మాటలు కాస్త చెవిన వేసుకుంటే చాలు, సగం అమెరికా పటం తెలిసిపోతుంది. ఒకప్పుడు 'అబ్బాయి అమెరికాలో ఉన్నాడు' అంటే సరిపోయేది. ఇప్పుడు 'అమెరికాలో ఎక్కడ?' అని అడుగుతున్నారు. ఎడిసన్ అంటే ఒక లెక్క, ఫ్రిస్కో అంటే మరో లెక్క. మొదటిది న్యూయార్క్‌కి దగ్గర్లో న్యూజెర్సీ రాష్ట్రంలో ఉంది. రెండోది టెక్సస్ రాష్ట్రంలో, డల్లాస్ పక్కన. రెండుచోట్లా తెలుగువాళ్లు బోలెడుమంది. గుడీ ఉంది, గోంగూరా దొరుకుతుంది. మరి వెళ్లే అమ్మాయికి ఏది సుఖం?

మగవాళ్లు ఈ లెక్క నిమిషంలో తేల్చేస్తారు. టెక్సస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు. న్యూజెర్సీలో ఆదాయాన్ని బట్టి 1.4 నుంచి 10.75 శాతం దాకా ఉంది. ఇంటిపన్ను రెండుచోట్లా ఎక్కువే గానీ, న్యూజెర్సీదే పైచేయి. 2024లో అక్కడ ఒక్కో ఇంటికి సగటున పదివేల డాలర్లు దాటింది. పెట్టిన డబ్బుకి టెక్సస్‌లో ఇల్లూ పెద్దది వస్తుంది. ఇంకేం, టెక్ససే మేలంటారు. బాగానే ఉంది గానీ, ఆ పెద్ద ఇంట్లో పగలంతా ఒక్కతే ఉండేదెవరండీ?

భర్త హెచ్-1 మీద ఉంటే, హెచ్-4 వీసా మీద వెళ్లే అమ్మాయికి వెంటనే ఉద్యోగం చేసే వీల్లేదు. అతని గ్రీన్‌కార్డు వ్యవహారం ఒక దశ దాటితేనే భార్య పనిచేయడానికి అనుమతి అడగొచ్చని 2015లో నిబంధన వచ్చింది. అది ఏ రాష్ట్రంలోనైనా ఒకటే. కానీ ఆ ఎదురుచూసే ఏళ్లు ఎలా గడుస్తాయన్నది మాత్రం ఊరిని బట్టి ఉంటుంది. ఎడిసన్, ఐసెలిన్‌లలో ఓక్ ట్రీ రోడ్డు పొడవునా మన కొట్లే. చీరలు, నగలు, మిఠాయిలు, కూరగాయలు. దగ్గర్లో ఇల్లు దొరికితే నడిచి వెళ్లి కరివేపాకు తెచ్చుకోవచ్చు. మెట్రోపార్క్ స్టేషన్లో రైలెక్కితే గంటలోపే న్యూయార్క్. టెక్సస్ కథ వేరు. డల్లాస్ చుట్టుపక్కల కారు లేకపోతే కాళ్లు లేనట్టే. డల్లాస్‌కీ ఫోర్ట్‌వర్త్‌కీ మధ్య ఆర్లింగ్టన్ అని దాదాపు నాలుగు లక్షల జనాభా ఉన్న ఊరుంది. అక్కడ రూటు బస్సులే లేవు, కబురు పెడితే వచ్చే వ్యాన్లు తప్ప! బెజవాడ సిటీ బస్సులని తిట్టుకునేవాళ్లం ఈ ముక్క గుర్తుపెట్టుకోవాలి. అందుకే టెక్సస్ వెళ్లే పిల్లకి నగల కంటే ముందు డ్రైవింగ్ నేర్పించండి. అక్కడికెళ్లి కుడివైపు నడపడం మళ్లీ నేర్చుకోవాలనుకోండి, భయమైతే పోతుంది. న్యూజెర్సీలో ఇంకో సుఖం, బంకులో పెట్రోలు మనమే దిగి పోసుకోవడం చట్టప్రకారం కుదరదు, పనివాళ్లే పోస్తారు.

ఇక అసలు సంగతి పురుడు. మన దేశంలో 2017 సవరణ తర్వాత ఉద్యోగినికి మొదటి రెండు కాన్పులకు జీతంతో 26 వారాల సెలవుంది. అంత పెద్ద అమెరికాలో 1993 నాటి కేంద్ర చట్టం ఇచ్చేది 12 వారాలు, అదీ జీతం లేకుండా. యాభైమందికి తక్కువ ఉన్న కంపెనీలో అదీ రాదు. ఆ లోటుని న్యూజెర్సీ కొంత పూడ్చింది. ఉద్యోగుల జీతాల్లోంచి కొద్దికొద్దిగా కోసిన సొమ్ముతో 2009 నుంచి బిడ్డ కోసం తీసుకునే సెలవుకు డబ్బిస్తోంది. మొదట ఆరు వారాలుండేది, 2020 జూలై నుంచి పన్నెండు వారాలు. తండ్రీ తీసుకోవచ్చు. కాన్పుకి ముందూ వెనకా తల్లి కోలుకునే వారాలకు వేరే భృతి ఉంది. టెక్సస్‌లో ప్రైవేటు ఉద్యోగులకు అలాంటి ప్రభుత్వ పథకమేదీ లేదు. కంపెనీ దయ. మిగిలిన పన్ను డబ్బుల్ని లెక్కపెట్టేవాళ్లు ఈ మూడు నెలల జీతాన్నీ లెక్కలో వేస్తే బాగుంటుంది.

దీనికన్నా గట్టిగా చెప్పాల్సింది ఇంకొకటుంది. పెళ్లిచూపుల దగ్గర ఎవరూ ఎత్తరు గానీ, తల్లులం మనం కూడా ఎత్తకపోతే ఎలా? 2022లో అమెరికా సుప్రీంకోర్టు గర్భస్రావం విషయాన్ని రాష్ట్రాలకే వదిలేసింది. టెక్సస్ దాదాపు పూర్తిగా నిషేధించింది. తల్లి ప్రాణం మీదికొస్తే మినహాయింపు ఉన్నా, తప్పు చేశాడని తేలిన డాక్టరుకి యావజ్జీవం దాకా శిక్ష పడవచ్చు. దాంతో నెలలు నిండకుండా ఉమ్మనీరు పోయిన కేసుల్లో కూడా డాక్టర్లు వెనకాడారని గొడవలయ్యాయి. ఎప్పుడు చేయవచ్చో స్పష్టం చేస్తూ 2025లో మరో చట్టం చేయాల్సి వచ్చింది. న్యూజెర్సీ మాత్రం 2022 జనవరిలోనే ఆ హక్కుని చట్టంలో రాసిపెట్టింది. ఇది ఇష్టాయిష్టాల మాట కాదు. కోరి కన్న కలే కడుపులో చెదిరిపోయినప్పుడు అమ్మాయికి వైద్యం ఎంత తొందరగా అందుతుందన్న మాట. మన దేశంలో 1971 నుంచీ దీనికి చట్టం ఉంది కాబట్టి మనకి ఆ భయం తెలీదు.

తుపాకుల సంగతీ అంతే. టెక్సస్‌లో 2021 సెప్టెంబరు నుంచి అర్హత ఉన్న పెద్దవాళ్లు లైసెన్సు లేకుండానే చేతితుపాకీ దగ్గర పెట్టుకు తిరగొచ్చు. 2023 మేలో డల్లాస్ దగ్గర ఆలెన్‌లో షాపింగ్ మాల్ మీద కాల్పులు జరిగి ఎనిమిదిమంది పోతే, అందులో మన తెలుగమ్మాయి ఒకరు. న్యూజెర్సీలో తుపాకీ చట్టాలు బాగా కఠినం. అలాగని అక్కడ ఏ ఆపదా రాదని కాదు. 2021లో ఐడా తుపాను తాలూకు వానలకు సుమారు ముప్పైమంది చనిపోయారు. అదే ఏడు ఫిబ్రవరిలో టెక్సస్‌లో మంచు కురిసి, కరెంటు పోయి, అధికారిక లెక్క ప్రకారమే 246 మంది పోయారు.

నన్నడిగితే, కొత్తగా కాపురానికెళ్లే పిల్లకీ, పిల్లల్ని కనాల్సిన వయసులో ఉన్న పిల్లకీ న్యూజెర్సీయే నయం. పిల్లలు పెద్దవాళ్లయి, ఇద్దరూ ఉద్యోగాలు చేస్తూ, రెండు కార్లుంటే టెక్సస్‌ని కాదనను. ఇల్లు అమరుతుంది, డబ్బు మిగులుతుంది.

మనం వెళ్లొచ్చే నెలలు కూడా చూసుకోవాలి సుమా. సాధారణంగా ఒకసారికి ఆరు నెలలు ఉండనిస్తారు. న్యూజెర్సీకైతే ఏప్రిల్ చివర్లో వెళ్లి, చలి ముదిరేలోగా తిరిగొచ్చేయడం మోకాళ్లకి మంచిది. టెక్సస్‌కైతే అక్టోబరులో బయల్దేరాలి. ఎండాకాలం అక్కడ మన బెజవాడకేం తీసిపోదు. అయినా ఆ ఎండలకీ ఓ ప్రయోజనం ఉంది లెండి. పోయినేడు వేసవిలో డల్లాస్‌లో కూతురి దగ్గరున్న మా వీధి పిన్నిగారు పెరట్లో పెట్టిన గుమ్మడి వడియాలు రెండోరోజుకే గలగలలాడాయట.