క్రొత్త పవరు సప్లయి: బిగింపునకు ముందు పరీక్ష

డెస్క్‌టాపు కంప్యూటరునకు కావలసిన విద్యుత్తు నంతయు ఒక యినుప పెట్టె సమకూర్చుచున్నది. దానినే పవరు సప్లయి యందురు. మన యిండ్ల ప్లగ్గులలో లభించునది 230 వోల్టుల ఏకాంతర ప్రవాహము. కంప్యూటరు భాగములకు వలసినదో 12, 5, 3.3 వోల్టుల ఏకముఖ ప్రవాహము. ఈ మార్పు చేయుటయే ఆ పెట్టె పని. మదర్‌బోర్డు, ప్రాసెసరు, హార్డుడిస్కు, అన్నియు దానిచేతి కూడు తినునవే. కావున దానియందలి దోషము దానితో పోదు, తక్కినవానికిని సోకును. మదర్‌బోర్డు చెడినచో మరియొకటి కొనవచ్చును. వేరొకచోట ప్రతిలేని లెక్కలును, వ్రాతలును, పిల్లల చిత్రములును డిస్కుతోపాటు పోయినచో ఏ యంగడిలోను దొరకవు. అందుచే క్రొత్తదికదా యని నమ్మి వెంటనే బిగింపక, ముందు విడిగా పరీక్షించుట మేలు. ఒక మల్టీమీటరు, పైతొడుగుగల చిన్న తీగముక్క, ఈ రెండును చాలును.

మొదట పెట్టెపై నంటించిన చీటిని చదువవలెను. 12 వోల్టుల కెదురుగా నున్న ఆంపియర్లను 12 చే గుణించిన, ఆ మార్గమున లభించు వాట్లు తెలియును. 37.5 ఆంపియర్లయినచో 450 వాట్లు. కొన్నిటికి వెనుకవైపున 115, 230 అను గుర్తులుగల చిన్న స్విచ్చి యుండును. మనదేశమున అది 230 మీదనే యుండవలెను. 115 మీద నుండగా ప్లగ్గు పెట్టినచో పెట్టె క్షణములో కాలిపోవును. పెట్టెను మాత్రము ఎన్నడును విప్పరాదు. ప్లగ్గు తీసిన పిదపకూడ లోపలి కెపాసిటర్లలో 300 వోల్టులకు పైగా నిలిచియుండవచ్చును. అది ప్రాణాపాయకరము.

1995లో ఇంటెలు సంస్థ ఏటీఎక్సు అను ప్రమాణమును ప్రకటించినది. దాని ననుసరించు సప్లయిలన్నిటను, ఏ సంస్థ చేసినను, పెద్ద కనెక్టరులోని వరుస యొక్కటే. నేటి కనెక్టరునకు 24 రంధ్రములు. కొక్కెమున్న వైపు వరుస 13 మొదలు 24 వరకు. అందు 16వది ఆకుపచ్చ తీగ. దాని కిరుప్రక్కల 15, 17 నల్లతీగలు. కొన్నిటిలో తీగలన్నియు నల్లనివే కాన, రంగుకంటె లెక్కనే నమ్మవలెను.

ప్లగ్గు పెట్టి వెనుక స్విచ్చి వేసినంతమాత్రమున సప్లయి పూర్తిగా మేల్కొనదు. ఊదా తీగయందు మాత్రము 5 వోల్టులుండును. మనము కంప్యూటరు మీట నొక్కినపుడు మదర్‌బోర్డు ఆకుపచ్చ తీగను నల్లతీగతో కలుపును. అదియే మేల్కొలుపు. పరీక్షలో ఆ పనిని మన తీగముక్క చేయును.

సప్లయికి ఏ భాగమును తగిలింపక, ప్లగ్గు తీసియుంచి, 16, 17 రంధ్రములను తీగముక్కతో కలుపవలెను. పిదప భూమితీగగల మూడుకాళ్ల ప్లగ్గులో పెట్టి స్విచ్చి వేయవలెను. ఫ్యాను తిరుగవచ్చును. వేడెక్కినగాని తిరుగని ఫ్యానులును గలవు గనుక, దానినిబట్టి తీర్పు చెప్పరాదు. మీటరే సాక్షి. దానిని ఏకముఖ ప్రవాహపు 20 వోల్టుల గుర్తుకు త్రిప్పి, నల్లమొనను నల్లతీగకును, ఎర్రమొనను ఒక్కొక్క తీగకును ఆనింపవలెను. మొన ఏకకాలమున రెండిటికి తగులరాదు.

పసుపు తీగలో 11.40 నుండి 12.60 వరకు, ఎరుపు, ఊదా తీగలలో 4.75 నుండి 5.25 వరకు, నారింజ తీగలో 3.14 నుండి 3.46 వరకు ఉన్నచో సరియే. 8వ స్థానమందలి బూడిదరంగు తీగలో సుమారు 5 వోల్టులుండవలెను. తక్కిన వోల్టులు కుదిరినవని సప్లయి తానే చెప్పు మాట యది; స్విచ్చి వేసిన అరసెకనులోపల రావలెను. పని ముగిసిన పిమ్మట ప్లగ్గు తీసి, ఆపై తీగముక్కను తొలగింపవలెను.

అయితే ఈ పరీక్ష బరువులేని బండిని నడిపి చూచుట వంటిది. బరువు మోపినపుడు వోల్టులు తగ్గవచ్చును. కావున బిగించిన తరువాత, కంప్యూటరు గట్టిగా పనిచేయుచుండగా, మిగిలియున్న డిస్కు కనెక్టరులో పసుపు తీగను మరల కొలువవలెను. మరియొక హెచ్చరిక: విడదీయదగిన తీగలుగల సప్లయిలకు పాత తీగలు తగిలింపరాదు. పెట్టెవైపు కొనలకు ఉమ్మడి ప్రమాణము లేదు. చక్కగా అమరినట్లే యుండి, 5 వోల్టులు పోవలసినచోటికి 12 పంపి, డిస్కును కాల్చివేయగలవు.

కొలతలు హద్దు దాటినచో బాగుచేయ బూనక, గ్యారంటీ చీటితో అంగడికి తిరిగి యిచ్చివేయుడు. పది నిమిషముల యీ శ్రమ అనేక సంవత్సరముల వ్రాతలను కాపాడును.