పెంచిన టర్బోలో గాలి ఒత్తిడి మితిమీరితే ఏం చేయాలి? ట్రాక్టర్, పికప్ యజమానులకు సూచనలు

అనంతపురం జిల్లాలో ఏడాదికి పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. జూన్, జూలైలలో పదును వాన పడితే ఎర్రనేలలో తేమ నాలుగైదు రోజులకు మించి నిలవదు. ఆ కొద్ది రోజుల్లోనే ఊరంతా దుక్కి దున్ని వేరుశనగ విత్తుకోవాలి. ఆ సమయంలో ట్రాక్టర్ ఆగిపోతే యజమానికి బాడుగ పోతుంది, ట్రాక్టర్ కోసం ఎదురుచూసే చిన్న రైతుకు అదను పోతుంది.

ఎక్కువ ఎకరాలు దున్నాలని, పెద్ద రోటవేటర్ లాగించాలని కొందరు డీజిల్ పంపు సెట్టింగ్ పెంచిస్తారు. మరికొందరు కంపెనీ టర్బో తీసేసి పెద్ద బండి టర్బో బిగిస్తారు. టమోటా, కూరగాయలు మార్కెట్‌కు తోలే పికప్ బండ్లలోనూ, కార్లలోనూ ఇలాంటి మార్పులు చేయిస్తున్నారు. మొదట్లో బండి బాగా లాగినట్టే ఉంటుంది. అయితే గాలి ఒత్తిడి అదుపులో లేకపోతే హెడ్ గాస్కెట్ నుంచి పిస్టన్ దాకా ఏదైనా పోవచ్చు. ఒత్తిడి ఎందుకు మితిమీరుతుందో, దాన్ని ఏ వరుసలో సరిచేసుకోవాలో ఇక్కడ తెలుసుకుందాం.

టర్బో ఎలా పనిచేస్తుంది?

టర్బోలో ఒకే ఇరుసుకు రెండు చక్రాలు ఉంటాయి. సైలెన్సర్ వైపు పోయే వేడి పొగ ఒక చక్రాన్ని తిప్పుతుంది. దాంతోపాటు తిరిగే రెండో చక్రం ఎయిర్ ఫిల్టర్ నుంచి గాలిని పీల్చి ఒత్తిడితో ఇంజిన్‌లోకి నెడుతుంది. ఈ ఇరుసు నిమిషానికి లక్ష చుట్లకు పైగా తిరగగలదు. దాన్ని కాపాడేది పలుచని ఆయిల్ పొర మాత్రమే.

మామూలు గాలి ఒత్తిడి కంటే టర్బో అదనంగా ఇచ్చే ఒత్తిడినే బూస్ట్ అంటారు. దీన్ని బార్‌లలో గానీ పీఎస్‌ఐలలో గానీ కొలుస్తారు. ఒక బార్ అంటే 14.5 పీఎస్‌ఐ.

చాలా టర్బోలకు వేస్ట్‌గేట్ అనే చిన్న తలుపు ఉంటుంది. బూస్ట్ నిర్ణీత హద్దు చేరగానే ఆ ఒత్తిడి సన్నని పైపు ద్వారా యాక్చువేటర్ డబ్బాలోకి వెళ్లి స్ప్రింగును నొక్కుతుంది. కడ్డీ కదిలి తలుపు తెరుచుకుంటుంది. కొంత పొగ చక్రాన్ని తిప్పకుండానే సైలెన్సర్‌లోకి పోతుంది. చెరువు నిండితే మరవ పారినట్టే ఇది. అన్ని ట్రాక్టర్ టర్బోలకూ ఈ తలుపు ఉండదు. తలుపు లేని చోట బూస్ట్‌ను అదుపు చేసేది డీజిల్ కొలతే.

ఒత్తిడి ఎందుకు మితిమీరుతుంది?

• డీజిల్ పంపు పెంచడం: డీజిల్ ఎక్కువ మండితే పొగలో వేడి, వేగం పెరుగుతాయి. చక్రం మరింత జోరుగా తిరుగుతుంది. ట్రాక్టర్లలో ముందుగా అనుమానించాల్సింది దీన్నే.
• యాక్చువేటర్ పైపు ఊడటం, చిట్లడం: హద్దు దాటిన సంగతి డబ్బాకు తెలియదు. తలుపు తెరుచుకోదు.
• డయాఫ్రం చిరగడం: గాలి అందినా కడ్డీ కదలదు.
• తలుపు మసితో పట్టేయడం: నల్ల పొగతో ఎక్కువకాలం నడిచిన బండ్లలో ఇది ఎక్కువ.
• కడ్డీ బిగించడం: కడ్డీ పొడవు తగ్గిస్తే తలుపు ఆలస్యంగా తెరుచుకుంటుంది. బండి లాగడం లేదని చెబితే కొందరు చేసే పని ఇది.
• తలుపు రంధ్రం చాలకపోవడం: టర్బో మార్చిన బండ్లలో తలుపు పూర్తిగా తెరుచుకున్నా పొగంతా పోలేకపోవచ్చు. అప్పుడు ఇంజిన్ వేగం పెరిగేకొద్దీ బూస్ట్ కూడా పాకుతూ పెరుగుతుంది.

ఒత్తిడి రెట్టింపైతే బలం రెట్టింపు కాదు

గాలిని నొక్కితే వేడెక్కుతుంది. మన వేసవిలో టర్బోలోకి 40 డిగ్రీల గాలి పోతోందనుకుందాం. 70 శాతం సామర్థ్యం ఉన్న టర్బో 0.7 బార్ బూస్ట్ ఇస్తే బయటకు వచ్చే గాలి వేడి సుమారు 113 డిగ్రీలు. అదే టర్బోతో 1.3 బార్ తీసుకుంటే సుమారు 160 డిగ్రీలు. వేడి గాలి పలుచన. కాబట్టి ఇంటర్‌కూలర్ లేని ఇంజిన్‌లో బూస్ట్‌ను దాదాపు రెట్టింపు చేసినా లోపలికి చేరే గాలి పెరిగేది 20 శాతమే. ఇంజిన్ లోపలి వేడి, ఒత్తిడి మాత్రం బాగా పెరుగుతాయి. హెడ్ గాస్కెట్ పోవడం, హెడ్ పగలడం, పిస్టన్ తల కరగడం ఇలాగే జరుగుతాయి. క్లచ్, గేర్‌బాక్స్, పీటీఓల మీద కూడా అవి ఓర్చుకోలేని భారం పడుతుంది.

దీనికి మన ప్రాంతపు దుమ్ము తోడవుతుంది. ఎండిన ఎర్రనేలలో రోటవేటర్ వేసినా, చెరువు మట్టి తోలినా ఎయిర్ ఫిల్టర్ త్వరగా మూసుకుపోతుంది. గాలి అందక, అదే బూస్ట్ ఇవ్వడానికి టర్బో మరింత వేగంగా తిరగాల్సి వస్తుంది. ఫిల్టర్ తర్వాతి గొట్టంలో చీలిక ఉంటే దుమ్ము నేరుగా లోపలికి పోయి చక్రం రెక్కలను అరగదీస్తుంది. రేడియేటర్ జాలీకి పొట్టు, దుమ్ము పట్టినా ఇంజిన్ వేడి తగ్గదు.

గుర్తించే లక్షణాలు

• మునుపు లేని ఈల శబ్దం, లోడు మీద శబ్దం ఒక్కసారిగా పెరగడం
• గాలి గొట్టాలు ఉబ్బడం, క్లిప్పుల దగ్గర ఊడిపోవడం
• లోడు మీద వేడి ముల్లు త్వరగా ఎర్ర గీత చేరడం
• రేడియేటర్ నీళ్లలో బుడగలు రావడం, నీళ్లు తగ్గిపోవడం
• నీలం పొగ, ఆయిల్ తగ్గిపోవడం
• కంప్యూటర్ ఉన్న పికప్‌లలో చెక్ ఇంజిన్ లైటు వెలిగి, బండి లాగకుండా మందగించడం

ఒక్క విషయం గమనించండి. నల్ల పొగ వచ్చి బండి లాగకపోతే అది తరచుగా బూస్ట్ తక్కువైన లక్షణం. గొట్టం లీకో, ఫిల్టర్ మూసుకుపోవడమో కారణం కావచ్చు. ఆ సంగతి చూడకుండా కడ్డీ బిగిస్తే, లీకు కట్టిన రోజున బూస్ట్ హద్దు దాటిపోతుంది.

సరిచేసుకునే క్రమం

1. కొలవండి. గాలి ఇంజిన్‌లోకి వెళ్లే మ్యానిఫోల్డ్ దగ్గర బూస్ట్ మీటర్ బిగించాలి. బండి నిలబెట్టి రేస్ ఇస్తే అసలు సంగతి తెలియదు. పొలంలో పూర్తి లోడు మీద నడిపి, మీటరు గరిష్ఠంగా ఎంత చూపిందో రాసుకోవాలి. ఆ మోడల్ సర్వీస్ పుస్తకంలోని అంకెతో పోల్చాలి. హద్దు దాటితే వెంటనే లోడు తగ్గించాలి.

2. ఫిల్టర్, గొట్టాలు, క్లిప్పులు చూడండి. ఖర్చు లేని పని ఇది, అందుకే ముందుగా చేయాలి.

3. యాక్చువేటర్ పైపు రెండు చివరలా చూడండి. మెత్తబడినా, పగిలినా మార్చాలి.

4. ఇంజిన్ పూర్తిగా చల్లారాక కడ్డీని కదిలించి చూడండి. స్ప్రింగు బిగువుతో కదిలి, వదలగానే వెనక్కి రావాలి. పట్టేసి ఉంటే టర్బో పనివారి దగ్గర మసి తీయించాలి.

5. యాక్చువేటర్‌కు మీటరున్న చేతి పంపుతో కొద్దికొద్దిగా గాలి ఇచ్చి, ఎంత ఒత్తిడికి కడ్డీ కదులుతుందో చూడాలి. గాలి నిలవకపోతే డయాఫ్రం చిరిగినట్టే. టైర్లకు గాలి కొట్టే కంప్రెసర్‌ను నేరుగా పెడితే మంచి డయాఫ్రం కూడా చిరిగిపోతుంది.

6. డీజిల్ పంపును కంపెనీ సెట్టింగ్‌కు తెప్పించండి. టెస్ట్ బెంచ్ ఉన్న పంపు షాపులోనే ఈ పని చేయించాలి. నాజిళ్లు కూడా అక్కడే పరీక్ష చేయించుకోవచ్చు.

7. ఇవన్నీ సరిగా ఉన్నా వేగంతోపాటు బూస్ట్ పాకుతూనే ఉంటే తలుపు రంధ్రం చాలడం లేదని అర్థం. రంధ్రం పెద్దది చేయడం టర్బో వర్క్‌షాపులో మాత్రమే జరగాల్సిన పని. సేద్యానికి వాడే బండికి అన్నిటికంటే మంచి దారి కంపెనీ టర్బోనే తిరిగి బిగించడం.

కొన్ని కొత్త పికప్‌లలో తలుపుకు బదులు కదిలే రెక్కలు ఉంటాయి. అవి మసితో పట్టేసినా బూస్ట్ పెరుగుతుంది. వాటి సెట్టింగ్ స్కానర్ ఉన్న సర్వీస్ సెంటర్‌లోనే చూపించాలి.

చేయకూడనివి

• బూస్ట్ తగ్గుతుందని బూస్ట్ కంట్రోలర్ కొనవద్దు. యాక్చువేటర్ స్ప్రింగు హద్దు కంటే బూస్ట్‌ను పెంచడమే దాని పని, తగ్గించడం దానివల్ల కాదు. తగ్గించాలంటే తక్కువ బిగువు స్ప్రింగు ఉన్న యాక్చువేటర్ వేయాలి.
• గాలి గొట్టం క్లిప్పు వదులు చేసి ఒత్తిడి తగ్గించవద్దు. ఇంజిన్‌కు గాలి చాలక డీజిల్ సగం మండి వేడి పెరుగుతుంది. టర్బో మరింత వేగంగా తిరుగుతుంది.
• పెట్రోల్ కార్లకు పెట్టే బ్లో ఆఫ్ వాల్వు డీజిల్ ఇంజిన్ బూస్ట్‌ను అదుపు చేయదు.
• లోడు పని కాగానే ఇంజిన్ ఆపవద్దు. రెండు మూడు నిమిషాలు స్లోలో నడపాలి. లేకపోతే వేడి ఇరుసు దగ్గర ఆయిల్ మాడి గడ్డకడుతుంది.

ప్రమాద హెచ్చరిక

టర్బో ఆయిల్ సీలు పోతే ఇంజిన్ తన ఆయిల్‌నే ఇంధనంగా మండించుకుని అదుపు లేకుండా రేస్ కావచ్చు. డీజిల్ ఆపినా ఆగదు. బండి మీదే ఉంటే, ఎదురుగా ఎవరూ లేరని చూసుకుని బ్రేకులు గట్టిగా తొక్కి, పై గేరు వేసి క్లచ్ వదలాలి. అలా కుదరకపోతే గాలి లోపలికి పోయే దారిని గట్టి చెక్కతో మూయాలి. చేయి, గుడ్డ అడ్డం పెట్టకూడదు. మీ వల్ల కాదనిపిస్తే దూరంగా పోవడమే మేలు.

పాత బండి కొనేటప్పుడు

పంపు సీలు తెగి ఉందా, కడ్డీ నట్టు మీద కొత్త పానా గీతలు ఉన్నాయా, టర్బో పేరు పలక ఆ మోడల్‌దేనా అని చూడండి. లోడు మీద నడిపించి చూసిన తర్వాతే బేరం ఆడండి. 2023 జనవరి 1 నుంచి 50 హెచ్‌పీ దాటిన కొత్త ట్రాక్టర్లకు ట్రెమ్-4 కాలుష్య నిబంధనలు అమల్లోకి వచ్చాయి. అలాంటి ఇంజిన్లలో పంపు, టర్బో, కంప్యూటర్ ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయి. ఒకటి కదిలిస్తే మిగతావీ దెబ్బతింటాయి, వారంటీ కూడా పోవచ్చు.

ట్రాక్టర్లు, వ్యవసాయ యంత్రాల నిర్వహణ నేర్చుకోవాలనుకునే వారికి కేంద్ర వ్యవసాయ శాఖ కింద మన జిల్లాలోని గార్లదిన్నెలోనే దక్షిణ ప్రాంత వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ ఉంది. శిక్షణ తేదీలు అక్కడ విచారించి తెలుసుకోవచ్చు.

ముఖ్యంగా గుర్తుంచుకోవాల్సినవి: ముందు మీటరుతో కొలవాలి, తర్వాత పైపు, కడ్డీ, తలుపు చూడాలి, డీజిల్‌ను కంపెనీ కొలతకు తేవాలి. బండికి మించిన బరువైన పనిముట్టు ఉంటే టర్బో పెంచే బదులు, ఆ బండి హెచ్‌పీకి తగిన పనిముట్టు వాడటం చవక. ఈ పరీక్షలన్నీ వాన పడకముందే, మే నెలలోనే చేయించుకుంటే అదనులో బండి ఆగదు.