సెల్ఫ్ కొట్టినప్పుడే తెలుస్తుంది

పొద్దున్నే బండి స్టార్ట్ కాకపోతే చాలామంది ముందు చేసే పని హారన్ నొక్కి చూడటం. అది గట్టిగా మోగితే బ్యాటరీ బాగానే ఉందని, తేడా ఇంకెక్కడో ఉందని తేల్చేస్తారు. మల్టీమీటర్ ఉన్నవాళ్లయితే ఆగి ఉన్న బండి బ్యాటరీకి దాన్ని తగిలించి, 12.6 వోల్టులు కనబడగానే నిశ్చింతగా ఊపిరి పీల్చుకుంటారు. నిజానికి ఈ రెండు పరీక్షలూ బ్యాటరీ ఆరోగ్యం గురించి చెప్పేది చాలా తక్కువ. ఊరికే ఉన్నప్పటి వోల్టేజీని బట్టి అందులో ఛార్జి ఏపాటి ఉందో తెలుస్తుంది. బ్యాటరీ ఇంకా పనికొస్తుందా అన్నది తెలియాలంటే మాత్రం దానితో బరువైన పని చేయిస్తూ కొలవాల్సిందే.

కారణం దాని లోపలే ఉంది. మన బళ్లలో ఎక్కువగా వాడేది సీసం ప్లేట్లు, సల్ఫ్యూరిక్ ఆమ్లం ఉన్న బ్యాటరీ. 1859లో ఫ్రాన్స్‌లో గాస్టన్ ప్లాంటే తయారుచేసిన బ్యాటరీ పనిచేసిన సూత్రమే ఇప్పటికీ దీనికి ఆధారం. లోపల ఆరు సెల్లులుంటాయి, నిండుగా ఛార్జయిన ఒక్కో సెల్లు సుమారు 2.1 వోల్టులు ఇస్తుంది. ఈ వోల్టేజీ ప్లేట్ల మీది రసాయనాలను, ఆమ్లం గాఢతను బట్టి వస్తుందే గాని, పనికొచ్చే ప్లేటు ఎంత మిగిలిందన్న దాన్ని బట్టి రాదు. కరెంటు వాడుకుంటున్నప్పుడు రెండు రకాల ప్లేట్ల మీదా లెడ్ సల్ఫేట్ ఏర్పడుతుంది, ఛార్జి చేస్తే తిరిగి విడిపోతుంది. బండిని వారాల తరబడి కదపకుండా, ఛార్జి తగ్గిన బ్యాటరీని అలాగే వదిలేస్తే ఆ సన్నని స్ఫటికాలు పెరిగి గట్టిపడతాయి. ఇక ఛార్జి చేసినా అవి పూర్తిగా కరగవు. మరోపక్క మన ఎండాకాలపు వేడికి పాజిటివ్ ప్లేట్ల లోపలి సీసపు జాలీ త్వరగా తుప్పుపట్టి పాడైపోతుంది. ఏది జరిగినా కరెంటుకు దారి ఇరుకవుతుంది, అంతర్గత నిరోధం పెరుగుతుంది.

హారన్ ఎందుకు మోసం చేస్తుందో చిన్న లెక్కతో తేలిపోతుంది. మంచి చిన్న బ్యాటరీ నిరోధం 20 మిల్లీ ఓములని, పాతబడినదానిది 70 మిల్లీ ఓములని అనుకుందాం. హారన్ రెండున్నర ఆంపియర్లు లాగితే మంచిదానిలో 0.05 వోల్టు, పాతదానిలో 0.175 వోల్టు తగ్గుతుంది. చెవికి ఆ తేడా అందదు. అదే సెల్ఫ్ మోటారు 60 ఆంపియర్లు లాగితే మంచి బ్యాటరీ 12.6 నుంచి 11.4కు దిగుతుంది, పాతది 8.4కు పడిపోతుంది. అప్పుడు ఇంజను తిరగదు, రిలే మాత్రం కటకటమంటుంది. అందుకే సెల్ఫ్ బటన్‌ను రెండు మూడు సెకన్లు నొక్కి ఉంచి, ఆ సమయంలో మీటర్ ఎంత చూపిస్తుందో చూడాలి. 9.6 వోల్టుల కంటే కిందకు జారితే అనుమానించాలి. మామూలు డిజిటల్ మీటర్ సెకనుకు రెండు మూడు సార్లే అంకె మారుస్తుంది కాబట్టి అసలు పతనం మనకు కనబడినదానికంటే లోతుగానే ఉంటుంది.

ఛార్జి తక్కువైనా వోల్టేజీ ఇలాగే పడుతుంది కదా, మరి బ్యాటరీనే ఎందుకు తప్పుపట్టాలని అడగవచ్చు. చాలా సరైన ప్రశ్న. ఈ తేడా పట్టించుకోకపోవడం వల్లే నిక్షేపంలాంటి బ్యాటరీలు పాత సామాన్లలోకి వెళ్లిపోతుంటాయి. అందుకని ముందు పూర్తిగా ఛార్జి చేయాలి. చేసిన వెంటనే కొలిస్తే 13కు పైగా చూపించవచ్చు, అది పైపై ఛార్జి. కొన్ని గంటలు వదిలేసి చూస్తే 12.6, 12.8 మధ్య నిలవాలి, ఆ తర్వాతే సెల్ఫ్ పరీక్ష. ఎంత ఛార్జి చేసినా 10.5 దగ్గరే ఆగితే ఒక సెల్లు పూర్తిగా పోయిందని గట్టిగా అనుమానించవచ్చు. ఇంకో సంగతి, మీటర్ పుల్లల్ని వైరు క్లిప్పుల మీద కాకుండా సీసపు టెర్మినల్ మీదే ఆనించాలి. సెల్ఫ్ తిరుగుతున్నప్పుడు టెర్మినల్ దగ్గర 11, క్లిప్పు దగ్గర 9 వస్తే నేరం బ్యాటరీది కాదు, మధ్యలో పేరుకున్న తెల్లటి బూజుదీ వదులైన బోల్టుదీ. వేడినీళ్లు, తినే సోడా, పాత బ్రష్షు చాలు.

ఇన్ని తంటాలెందుకు, కిక్ కొడితే పోలేదా అనే మాట ఒకప్పుడు చెల్లింది. 2020 ఏప్రిల్‌లో బీఎస్ 6 ప్రమాణాలు వచ్చాక మన పెట్రోలు బళ్లలో ఫ్యూయెల్ ఇంజెక్షన్ మామూలైపోయింది. పెట్రోలు పంపుకూ కంప్యూటర్‌కూ కరెంటు కావాలి, పైగా చాలా మోడళ్లకు కిక్కే లేదు.

బ్యాటరీ ఈ పరీక్షలో తప్పితే కొత్తది వేయించండి. వేయించాక ఇంజను కాస్త రేజ్ చేసి మీటర్ మళ్లీ పెట్టి చూడండి. 13.5 నుంచి 14.5 వోల్టుల మధ్య ఉంటే ఛార్జింగ్ సరిగ్గా ఉన్నట్టే. 13 కూడా దాటకపోతే కొత్త బ్యాటరీకి కడుపు నిండడం లేదు, 15 దాటితే రెక్టిఫయర్ దాన్ని ఉడికిస్తోంది. రెండింట్లో ఏదైనా సరే, పాత బ్యాటరీ పోవడానికి అదే కారణమై ఉండవచ్చు, సరిచేయకపోతే కొత్తదీ అదే దారి పడుతుంది.