ఇంటి కంప్యూటరు హెచ్చరికలు: వినదగినవి, మాన్పదగినవి

పూర్వము కాలువనీరు విడుచు దినమును, శిస్తు కట్టు గడువును గ్రామమున దండోరా వేసి తెలుపుచుండెడివారు. తప్పెట మ్రోగగానే జనులు పని నిలిపి వినెడివారు. అంగడివారందఱును తమ సరకులకై దినమెల్ల తప్పెట కొట్టినచో నీటి దండోరాను లక్ష్యపెట్టువా రెవ్వరు? నేడు మన యిండ్లలోని కంప్యూటరుల స్థితి యిట్లే యున్నది.

63,000 ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘములను కంప్యూటరీకరించుటకు కేంద్ర ప్రభుత్వమువారు 2022 జూన్ నెలలో రూ. 2,516 కోట్ల పథకము నామోదించిరి. సంఘపు లెక్కలే గాక, బిడ్డల చదువును, బ్యాంకు వ్యవహారమును గూడ నీ యంత్రముపై జరుగుచున్నవి. కావున దాని హెచ్చరికల నదుపులో నుంచుకొను విధమును సభ్యులకు మనవి చేయుచున్నాము.

తెర యడుగున అడ్డముగా నుండు పట్టీకి టాస్కుబారని పేరు. ఇది 1995 ఆగస్టు 24వ తేదీన వెలువడిన విండోస్ 95తో వాడుకకు వచ్చినది. ఈ క్రింది పద్ధతులు విండోస్ 11 గల యంత్రములకు చెందినవి.

మొదట గుర్తులను సవరింపవలెను. పట్టీపై అక్కఱలేని గుర్తుమీద మౌసు కుడిమీట నొక్కి ‘అన్‌పిన్ ఫ్రం టాస్కుబార్’ అను మాటను నొక్కిన నది తొలగును. ఇందువలన ఆ ప్రోగ్రాము చెడదు. స్టార్టు మెనూలో నుండనే యుండును. తఱచు వాడుదానిని అచ్చటనే కుడిమీట నొక్కి ‘పిన్ టు టాస్కుబార్’ ద్వారా పట్టీకి చేర్చవచ్చును. గుర్తులను పట్టి లాగి వరుస మార్చుకొనవచ్చును.

పిమ్మట పట్టీపై ఖాళీచోట కుడిమీట నొక్కి ‘టాస్కుబార్ సెట్టింగ్స్’ తెఱచి, ‘అదర్ సిస్టం ట్రే ఐకన్స్’ అను భాగమును చూడుడు. గడియారము ప్రక్క నే గుర్తులు కనబడవలెనో యిచ్చట నిర్ణయింపవచ్చును. విండోస్ సెక్యూరిటీ అను డాలు గుర్తును మాత్రము తప్పక కనబడనిండు. దానిపై పచ్చగుర్తు క్షేమమును, పసుపు గుర్తు చేయదగిన పని యున్నదనియు, ఎఱ్ఱగుర్తు వెంటనే చూడవలెననియు తెలుపును.

ఇక హెచ్చరికల మాట. విండోస్ మీటను, ‘ఐ’ అక్షరమును కలిపి నొక్కి, ‘సిస్టం’లో ‘నోటిఫికేషన్స్’ తెఱవుడు. ఒక్కొక్క ప్రోగ్రామున కొక్కొక్క మీట యుండును. ఆటలు, అమ్మకపు ప్రకటనలు మున్నగువానిని ఆపుడు. రక్షణకు సంబంధించినవానిని ఉంచుడు. ‘డు నాట్ డిస్టర్బ్’ అనుదానికి వేళ లేర్పఱచిన, ఆ వేళలందు హెచ్చరికలు తెరపైకి రాక లోపల నిలిచియుండును. విండోస్ మీటను, ‘ఎన్’ అక్షరమును కలిపి నొక్కి తీరిక వేళ వానిని చూచుకొనవచ్చును.

అన్నిటికంటె ముఖ్యమైన సంగతి యొకటి కలదు. కొన్ని వెబ్‌సైటులు హెచ్చరికలు పంపుటకు అనుమతి యడుగును. ఏమఱి ‘అలౌ’ అని నొక్కినచో, మఱునాటినుండి తెరమూలను ‘మీ కంప్యూటరునకు వైరసు సోకినది, ఈ నంబరునకు ఫోను చేయుడు’ అను దొంగ ప్రకటనలు రావచ్చును. ఇవి యంత్రమే చెప్పినట్లు తోచును. నమ్మి ఫోను చేసినవారి పంటసొమ్ము బ్యాంకులోనుండి మాయమగు నపాయము గలదు. మైక్రోసాఫ్టువారి నిజమైన హెచ్చరికలలో ఫోను నంబ రెన్నడు నుండదని యెఱుగుడు. క్రోమ్ బ్రౌజరులో ‘సెట్టింగ్స్’, ‘ప్రైవసీ అండ్ సెక్యూరిటీ’, ‘సైట్ సెట్టింగ్స్’, ‘నోటిఫికేషన్స్’ అను వరుసలో లోపలికి పోయి, తెలియని సైటుల పేర్లను తొలగింపుడు. సొమ్ము పోయినచో ఆలస్యము చేయక 1930 నంబరునకును, మీ బ్యాంకునకును తెలుపుడు.

విసుగుచే అన్ని హెచ్చరికలను ఒక్కుమ్మడిగా నాపుటయు క్షేమకరము కాదు. కలుపు తీయునపుడు పైరును గూడ పెఱుకుదుమా? ఇంట చదువుకొన్న పిల్లలున్న, వారిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని యీ సవరణలు నేడే చేయింపుడు. అరగంట పని, ఆపై వచ్చు ప్రతి హెచ్చరికయు వినదగినదై యుండును.