ఫైలు రాగానే తనంతట నడచు షెల్ స్క్రిప్టు

హైదరాబాదునందలి మాదాపూరులో 1998వ సంవత్సరము నవంబరు 22వ తేదీన ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయిగారు సైబర్ టవర్స్ భవనమును ప్రారంభించిరి. హైటెక్ సిటీకి అది మొదటి భవనము. అచ్చటి కార్యాలయములకు దూరదేశములనుండి రేయనక పగలనక ఫైళ్లు వచ్చుచుండును. వానికొరకు మనుష్యుడు రెప్పవాల్పక కూర్చుండజాలడు. ఆ కావలిని కంప్యూటరే యెట్లు కాయునో మన విద్యార్థులకును తల్లిదండ్రులకును తెలుపగోరుచున్నాము.

షెల్ స్క్రిప్టనగా కంప్యూటరు వరుసగా చేయవలసిన ఆజ్ఞలను వ్రాసియుంచిన పట్టిక. ఫైలు వచ్చినప్పుడు దానిని నడుపుటకు ముఖ్యముగా రెండు మార్గములు కలవు. మొదటిది క్రాన్. నిర్ణయించిన వేళలయందు, కావలసినచో నిమిషమునకొకసారి, ఇది స్క్రిప్టును లేపి ఫోల్డరు చూపించును. జాబు వచ్చెనేమో యని మాటిమాటికి తపాలా కచేరికి పోవువాని పని యిట్టిది. రెండవది ఐనోటిఫై. ఇది 2005వ సంవత్సరమున లినక్సు కెర్నెల్ 2.6.13లో చేరెను. ఫోల్డరులో మార్పు కలుగగానే కెర్నెలే కబురంపును. తపాలా బంట్రోతు మన తలుపు తట్టినట్లు. ఐనోటిఫైవెయిట్ అను పనిముట్టు ఆ కబురునందుకొని స్క్రిప్టునకు ఫైలు పేరు తెలుపును.

అయితే ఫైలు కనబడుట వేరు, పూర్తియగుట వేరు. 'క్రియేట్' అను కబురు ఫైలు పుట్టగనే వచ్చును. అప్పటికి లోపల ఒక్క అక్షరమైనను ఉండకపోవచ్చును. వేయిమంది జీతముల పట్టీలో మూడువందల పేర్లు చేరగనే స్క్రిప్టు నడచినయెడల తక్కిన ఏడువందల కుటుంబముల గతి యేమి? విద్యార్థి కలము దించి పత్రము నిచ్చిన తరువాతనే గదా మేము దిద్దుదుము. అట్లే వ్రాయుట ముగిసి ఫైలు మూయబడినదని తెలుపు 'క్లోజ్ రైట్' అను కబురునకై వేచియుండవలెను. మధ్యలో సంబంధము తెగినను ఫైలు మూయబడవచ్చును. కావున పంపువాడు అదే డిస్కు భాగమునందలి వేరొక ఫోల్డరులో ఫైలును పూర్తిచేసి, పిదప దీనిలోనికి తరలించుట మరింత క్షేమము. అప్పుడు 'మూవ్డ్ టు' అను కబురు వచ్చును.

మరి రెండు జాగ్రత్తలు. కావలి లేనప్పుడు వచ్చిన ఫైళ్లకు కబురు రాదు; కావున కావలి పెట్టగానే లోపలనున్న వానిని కూడ ఒకసారి చూడవలెను. స్క్రిప్టు తాను వ్రాయు ఫైళ్లను వేరొక ఫోల్డరులో నుంచవలెను. లేనిచో తన వ్రాతకు తానే మేల్కొని అంతులేక తిరుగును.

విద్యార్థులారా, యంత్రమునకు వేగము సహజము. ఎప్పుడు ఆగవలెనో నేర్పవలసినవారు మాత్రము మీరే.