ఒకే కంప్యూటరు, రెండు ఉత్తరాల పెట్టెలు

ఒకప్పుడు ఉత్తరాలను వేరుచేసే పని పోస్ట్‌మాన్‌ది. ఆఫీసు చిరునామాకు వ్రాసినవి ఆఫీసుకు వెళ్ళేవి, ఇంటి చిరునామాకు వ్రాసినవి ఇంటికి వచ్చేవి. సాయంత్రము ఆఫీసుకు తాళము వేస్తే అక్కడి కాగితాలు అక్కడే ఉండేవి. నేడు అనేక కుటుంబాలలో ఆ రెండు రకాల ఉత్తరాలూ ఒకే కంప్యూటరులోనికి వస్తున్నాయి. పై అధికారి పంపిన లెక్కల పట్టిక, దాని క్రింద అబ్బాయి పరీక్ష ఫీజు రసీదు, దాని క్రింద అమ్మగారి రక్తపరీక్ష రిపోర్టు! వేరుచేసే పని ఇప్పుడు మనమీదనే పడింది.

"రెండూ మన ఉత్తరాలే కదా, కలిసి ఉంటే నష్టమేమి?" అని కొందరు మమ్మును అడుగుతుంటారు. రెండూ మనకు వచ్చేవే గాని, రెండూ మనవి కావు. ఈ భేదము తెలిసికొనుట మొదటి మెట్టు.

ఆ పెట్టె ఎవరిది?

ఆఫీసువారు ఇచ్చిన ఈ-మెయిల్ చిరునామా ఆఫీసువారి సొత్తు. దానిని తెరిచి చూడగల వీలు, మూసివేసే అధికారము సాధారణముగా వారికి ఉంటాయి.

రుమేనియా దేశములో జరిగిన ఒక సంగతి ఇక్కడ చెప్పాలి. బొగ్దాన్ బర్బులెస్కు అనే ఇంజినీరు ఒక కంపెనీలో అమ్మకాల పని చూసేవాడు. ఖాతాదారులకు జవాబులిచ్చుటకై కంపెనీ కోరికమీద యాహూ మెసెంజరులో ఒక ఖాతా తెరిచాడు. అది ఈ-మెయిల్ కాకపోయినా చిక్కు ఒక్కటే. 2007 జూలైలో కంపెనీవారు కొన్ని దినాలు ఆ ఖాతాలోని సంభాషణలను నమోదు చేశారు. పని కొరకే దానిని వాడానని అతడు చెప్పగా, 45 పేజీల కాగితాలు అతని ముందు పెట్టారు. అందులో తన సోదరునితోను, పెళ్ళి నిశ్చయమైన యువతితోను అతడు చెప్పుకొన్న సొంత మాటలున్నాయి. ఆ ఆగష్టులోనే అతని ఉద్యోగము పోయింది.

రుమేనియా కోర్టులలో అతడు ఓడిపోయాడు. యూరోపు మానవహక్కుల న్యాయస్థానములో కూడ 2016లో మొదట ఓడిపోయాడు. చివరకు 2017 సెప్టెంబరు 5న ఆ న్యాయస్థానపు పెద్ద ధర్మాసనములో 17 మందిలో 11 మంది అతని పక్షము తీర్పిచ్చారు. తన మాటలను గమనిస్తారని అతనికి ముందుగా తెలియజేశారా లేదా అన్నది స్వదేశపు కోర్టులు సరిగా విచారించలేదని వారు చెప్పారు. గెలుపుకు పది సంవత్సరాలు పట్టింది. అయితే ఇతరులు చదివేసిన ప్రేమమాటలను ఏ తీర్పు వెనుకకు తేగలదు?

ఏ ఉత్తరము ఏ చిరునామాకు?

బ్యాంకు, బీమా, పాన్, ఆధార్, భవిష్య నిధి, పిల్లల బడి, ఆసుపత్రి - వీటన్నిటికి సొంత చిరునామానే ఇవ్వాలి. ఉద్యోగము మానిన దినముననే ఆఫీసు చిరునామా మూతపడవచ్చును. మరచిన పాస్‌వర్డును మార్చుకొనుటకు వచ్చే ఉత్తరము కూడ ఆ మూసిన పెట్టెలోనికే పోతుంది. ఉద్యోగము లేని సమయములోనే ఈ కాగితాల అవసరము ఎక్కువ గదా!

ఆఫీసు కాగితాలను "రాత్రి చూసుకొందాము" అని సొంత చిరునామాకు పంపుకొనుట కూడ సరికాదు. అందులో ఖాతాదారుల పేర్లు, ఫోను నంబర్లు ఉంటాయి. అవి మనలను నమ్మి ఇచ్చినవి. వ్యక్తిగత సమాచార రక్షణ కొరకు మన దేశము 2023లో ప్రత్యేక చట్టమే చేసింది.

ఒకే యంత్రములో రెండు గదులు

కంప్యూటరు మన సొంతమైతే దానిలో రెండు గదులు కట్టుకొనవచ్చును. ఇందుకు పెద్ద ఖర్చేమీ లేదు.

మొదటిది, విండోస్‌లో వేర్వేరు యూజరు ఖాతాలు పెట్టుకొనుట. ప్రతి ఖాతాకు దాని పాస్‌వర్డు, దాని ఫైళ్ళు ఉంటాయి. పిల్లలు కూడ అదే కంప్యూటరు వాడే ఇంట్లో ఇదే మేలు.

రెండవది, క్రోమ్, ఎడ్జ్, ఫైర్‌ఫాక్స్ వంటి బ్రౌజర్లలో రెండు ప్రొఫైళ్ళు పెట్టుకొనుట. పాస్‌వర్డులు, చూసిన పేజీల జాబితా దేనికది వేరుగా ఉంటాయి. క్రోమ్, ఎడ్జ్‌లలో ఒకదానికి నీలము, మరొకదానికి ఆకుపచ్చ రంగు ఇస్తే, ఏ గదిలో ఉన్నామో చూడగానే తెలుస్తుంది. అయితే ఇది తెర వంటిదే గాని తాళము కాదు. ఆ కుర్చీలో కూర్చున్నవారు ఎవరైనా రెండవ దానిలోనికి వెళ్ళగలరు.

మూడవది, థండర్‌బర్డ్ వంటి ఉచిత ఉత్తరాల ప్రోగ్రాము. ఇందులో రెండు చిరునామాలూ ప్రక్కప్రక్కనే, వేర్వేరు పెట్టెలుగా కనిపిస్తాయి. అన్నిటిని ఒకచోట కలిపి చూపే ఏర్పాటును మాత్రము వాడకండి. ఉత్తరము చివర వచ్చే సంతకమును దేనికది వేరుగా పెట్టుకోండి.

ఆఫీసువారు ఇచ్చిన కంప్యూటరైతే ఈ గదులేవీ మనలను కాపాడవు. అందులో సొంత ఉత్తరాలు తెరవకుండుటే మంచిది. వాటిని మన ఫోనులో చూసుకొనవచ్చును.

పంపే ముందు ఒక్క చూపు

రెండు అక్షరాలు కొట్టగానే కంప్యూటరు మిగిలిన పేరును తానే పూర్తిచేస్తుంది. ఆఫీసులో ఒక రమేష్, ఇంట్లో బావగారు రమేష్ ఉంటే ఇంటి గొడవ ఆఫీసుకు చేరవచ్చు! ఎవరికి వెళ్తున్నది, ఏ చిరునామానుండి వెళ్తున్నది అని పై రెండు వరుసలు చదివి పంపాలి. జీమెయిల్‌లో పంపినదానిని ఆపుకొనే గడువు మామూలుగా 5 సెకన్లు. సెట్టింగులలో దానిని 30 సెకన్లవరకు పెంచుకోండి. ఆ తరువాత ఎదుటివారి పెట్టెలో పడినదానిని మనము తీయలేము.

గడియారము కూడ వేరుచేయాలి

పెట్టెలు వేరైతే సమయమును వేరుచేయుట సులువు. రాత్రి భోజనము వేళ ఆఫీసు పెట్టె మూసి, ఇంటి పెట్టె తెరిచి ఉంచవచ్చును. రెండూ కలిసి ఉన్నప్పుడు పెళ్ళిపత్రిక కొరకు తెరిచినవారు ఆఫీసు చిక్కు చదివి, అన్నము ముందు మాటలు లేకుండ కూర్చుంటారు. ఫ్రాన్సులో 2017 జనవరి 1నుండి, 50 మంది గాని అంతకు మించి గాని ఉద్యోగులున్న కంపెనీలు పనివేళల తరువాతి ఉత్తరాల విషయము ఉద్యోగులతో చర్చించాలని చట్టము అమలులోనికి వచ్చింది. మన ఇంట్లో ఈ నియమమును మనమే చేసుకొనవచ్చును.

ఈ వారములో ఒక సాయంత్రము భార్యాభర్తలు కలిసి కూర్చొని, ఏ బ్యాంకుకు, ఏ బీమాకు ఏ చిరునామా ఇచ్చారో ఒక కాగితముమీద వ్రాయండి. ఆఫీసు చిరునామా ఉన్న చోట్ల దినమునకు ఒకటి చొప్పున మార్చండి. ఆ కాగితమును ఇద్దరికీ తెలిసిన చోట దాచండి. ఇంటి పెద్దకు హఠాత్తుగా ఏదైనా జరిగితే ఆఫీసు పెట్టెను భార్యాబిడ్డలకు తెరిచి ఇస్తారన్న నమ్మకము లేదు. ఇంటి కాగితాలు ఇంటి పెట్టెలోనే ఉంటే, ఆ కష్టదినములో అవి వారి చేతికి అందుతాయి.